వెలుగంటే భయం లేని కెమెరా

"పాస్‌పోర్ట్ ఫోటోకి కోటు దొరుకుతుందా?"

"కోటుంది. టై చిరిగిపోయింది."

భిలాయి పవర్ హౌస్ మార్కెట్‌లో, ఛాయా స్టూడియో కౌంటర్ దగ్గర ఈ రెండు మాటలూ అయ్యాక హరినాథ్‌ని డార్క్‌రూమ్‌లోకి పంపించారు. వెనకే తలుపు మూసుకుంది. ఎర్ర బల్బు కింద స్టూలు మీద రామమోహనరావు కూర్చుని ఉన్నాడు. సువర్ణ ఫిల్మ్స్ కంపెనీకి విజిలెన్స్ చీఫ్. బొంబాయి నుంచి విమానంలో రాయపూర్ దాకా, అక్కడి నుంచి కారులో వచ్చాడు. ఆయన అంత దూరం వచ్చాడంటే ఎవరికో మూడిందన్నమాటే.

అది తొంభై ఆరు వేసవి. దేశంలో పెళ్లయినా, బారసాలైనా, ఎలక్షన్ మీటింగైనా సువర్ణ ఫిల్ము ఒక్క రోలైనా ఖర్చవ్వాల్సిందే. అంత పెద్ద కంపెనీకి రహస్యాలుంటాయి. రహస్యాలకి దొంగలుంటారు. ఆ దొంగల వెంట పడడానికి హరినాథ్ లాంటి ఏజెంట్లుంటారు. అతని కోడ్ నేమ్ హైపో, ఫోటోలు కడిగే ఒక మందు పేరు.

"నువ్వు పుట్టింది ఇక్కడే కదా?" అడిగాడు చీఫ్.

"సెక్టర్ సిక్స్ సార్."

"ధర్మారావు తెలుసా?"

పక్క క్వార్టర్ ధర్మారావు. చిన్నప్పుడు తన చేతిలో మొదటి కెమెరా పెట్టినవాడు. "ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే సార్."

"అందుకే నిన్ను పిలిచాను."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ధర్మారావు సువర్ణ రీసెర్చ్ ల్యాబ్‌లో ఇరవై ఏళ్లు పనిచేసి ఫిల్ము లేని కెమెరా తయారు చేశాడు. బోర్డు ముందు పెడితే ఛైర్మన్ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: ఇందులో మన ఫిల్ము ఎక్కడ పెట్టాలి? అక్కర్లేదు సార్ అన్నాడు ధర్మారావు. మర్నాడు అతన్ని డిస్పాచ్ సెక్షన్‌లో అట్టపెట్టెల దగ్గరికి మార్చారు. అతను రాజీనామా మొహాన కొట్టి, ఆ కెమెరాతో సహా భిలాయి వచ్చేసి, ఊరి చివర వర్క్‌షాపులుండే హథ్‌ఖోజ్‌లో చిన్న షెడ్డు అద్దెకి తీసుకున్నాడు.

"ఇలాంటివి ఫారిన్‌లో ఉన్నాయి. కానీ ఒక్కోటీ ఇల్లు ఖరీదు. వీడిది స్కూటర్ ధరకి వచ్చేస్తుంది. సింగపూర్ ముఠా ఒకటి వాసన పట్టింది. పేరు ఆర్కిడ్. వాళ్ల మనిషి ఎవరో తెలీదు. పట్టుకో. కెమెరా మాత్రం దేశం దాటకూడదు."

"దొరికాక?"

"మనవాళ్లకి ఇప్పటికి బుద్ధొచ్చింది. మనమే తయారు చేద్దాం. ధర్మారావుకి చీఫ్ సైంటిస్ట్ పోస్టు." ఈ మాట అంటున్నంతసేపూ చీఫ్ కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు. "షెడ్డులో మన ఏజెంట్ ఒకతె ఉంది. రజనీకుమారి. కోడ్ నేమ్ డెవలపర్. అసిస్టెంటుగా చేరింది. నాగపూర్ కలర్ ల్యాబ్‌లో పదేళ్లు చేసిన మనిషి."

"మరి నా మారువేషం?"

"నీ సొంత మొహమే. అంతకన్నా ఏం కావాలి?"

పరికరం కూడా ఇచ్చాడు. బెల్టు బకిల్‌లో కెమెరా, లోపల సువర్ణ హండ్రెడ్ రోలు. కంపెనీ ఏజెంటు కంపెనీ ఫిల్మే వాడాలన్నది రూలు. ఆ ఫిల్ముకేమో మంచి ఎండ కావాలి. అందుకని సువర్ణ గూఢచారులు చాలామటుకు పట్టపగలే గూఢచర్యం చేసేవారు.

*

"ఒరే హరీ, నువ్వేటి ఇలగొచ్చీసేవు?" షెడ్డు గుమ్మంలో అతన్ని చూడగానే ధర్మారావు లేచి వచ్చి కావలించుకున్నాడు. వాళ్లది శ్రీకాకుళం వైపు కుటుంబం. తండ్రి స్టీలు ప్లాంటు పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కొడుకు బొంబాయిలో ఇరవై ఏళ్లున్నా యాస మాత్రం చెక్కుచెదరలేదు.

"సెలవు దొరికింది అన్నయ్యా. వొదిన చేతి వంట తిందామని."

మధ్యాహ్నం మొగుడికి కేరేజీ తెచ్చిన ధర్మారావు భార్య హైమవతి ఆ మాట విని మురిసిపోయింది. మర్నాటి నుంచి అతనికి వేరే కేరేజీ తెచ్చేది. హరినాథ్ ఆ అన్నం తిన్నాడు. గొంతు దిగనట్టు ఉంటుందేమో అనుకున్నాడుగానీ, సుఖంగానే దిగింది.

రజనీకుమారి గురించి చీఫ్ ఒక విషయం చెప్పలేదు. ఆమె వెల్డింగ్ షాపుల మధ్య నడిచి వెళ్తుంటే హథ్‌ఖోజ్‌లో సగం మిషన్లు ఆగిపోయేవి. నల్ల కళ్లద్దాలు, ఎర్ర చీర, మోచేతి దాకా జాకెట్టు. ఎవరూ లేనప్పుడు మెల్లిగా, "వెల్‌కమ్, హైపో. సబ్ ఠీక్ హై. ఇంకా ఎవ్వరూ రాలేదు," అంది.

ఆ రోజే ధర్మారావు కెమెరా బయటికి తీశాడు. ఇటుకంత ఉంది, చుట్టూ రాగి తీగలు. హరినాథ్‌కి ఒక ఫోటో తీశాడు. తరవాత తలుపులు మూసి, కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎర్ర బల్బు వేసి, అప్పుడు కెమెరా వెనక మూత తెరిచి, బొమ్మలు దాచుకునే కార్డు బయటికి తీశాడు.

"ఇందులో ఫిల్ము లేదు కదన్నయ్యా. చీకటెందుకు?"

"అలవాటురా. ఇరవై ఏళ్లు చీకట్లోనే బతికీసేం కదా. తలుపు మూసీకపోతే చెయ్యి ఆడదు నాకు."

కార్డు పెట్టగానే పాత పోర్టబుల్ టీవీ మీద హరినాథ్ మొహం వచ్చింది. కడగలేదు, ఆరబెట్టలేదు. ఇప్పుడు తీసిన ఫోటో ఇప్పుడే వచ్చింది. హరినాథ్‌కి చాలా గొప్పగా అనిపించింది, ఆ వెంటనే భయమేసింది. తన కంపెనీ, తన జీతం, ఆ ఫ్యాక్టరీ, అంతా ఆ చిన్న తెర మింగేస్తున్నట్టనిపించింది.

"ఇంకోటి చెయ్యలేవా అన్నయ్యా?"

"దీని కన్ను ఇదొక్కటే. ల్యాబ్‌లో పారీసిన వందల చిప్పు ముక్కల్లోంచి ఏరితే ఇదొక్కటే బతికింది. తొమ్మిదేళ్లు పట్టింది. మళ్లీ ఎక్కడ దొరుకుతాది?"

*

వారం రోజులు ఏమీ జరగలేదు. ఎనిమిదో రోజు కరెంటు పోయింది. షెడ్డులో కళ్లు కనపడటం లేదు. కార్డు బిగుసుకుందని ధర్మారావు తంటాలు పడుతుంటే రజనీకుమారి విసుగ్గా కెమెరా లాక్కుని, గుమ్మంలోకి వెళ్లి, మండే ఎండలో వెనక మూత టక్కున తెరిచింది.

"అయ్యయ్యో," అన్నారు అన్నయ్యా తమ్ముడూ ఒక్కసారే. ఇద్దరి చేతులూ వాటంతటవే ఆ మూతకి అడ్డం పోయాయి.

ఆమె నవ్వింది. కార్డు తీసి, దుమ్ము ఊది, మళ్లీ పెట్టింది. "క్యా హువా? ఇందులో పాడవటానికి ఏముందని?"

కరెంటు వచ్చాక చూస్తే బొమ్మలన్నీ పదిలంగానే ఉన్నాయి. ధర్మారావు తనని చూసి తనే పడీపడీ నవ్వుకున్నాడు. హరినాథ్ మాత్రం నవ్వలేదు. కలర్ ల్యాబ్‌లో పదేళ్లు చేసిన మనిషి వెలుగులో కెమెరా మూత తెరవలేదు. బుర్రకి తెలిసినా చెయ్యి ఒప్పుకోదు. ఆమె చెయ్యి కొంచెం కూడా తడబడలేదు. అంటే ఆమె పని నేర్చుకున్నది ఫిల్ము దగ్గర కాదు. ఇలాంటి కెమెరాల దగ్గరే.

ఎస్టీడీ బూత్ నుంచి బొంబాయికి ఫోన్ చేశాడు. "డెవలపర్ విరిగిపోయింది సార్."

అవతల చీఫ్ గొంతు తగ్గించాడు. "సామాను ముఖ్యం. సీసా సంగతి నువ్వే చూసుకో. రేపటికల్లా జీపుతో పాటు నేనూ వస్తాను."

*

మర్నాడు ధర్మారావు అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద కెమెరా లేదు. రజనీకుమారి లేదు. సందు చివర కాపలా కాస్తున్న హరినాథ్‌కి ఆమె ఆటో పవర్ హౌస్ వైపు తిరగడం కనిపించింది. స్కూటర్ కిక్ కొట్టాడు.

స్టేషన్‌లోకి వెళ్లేసరికి నాగపూర్ వైపు ఎక్స్‌ప్రెస్ కదిలింది. ప్లాట్‌ఫామ్ మీద ఎర్ర చీర పరిగెడుతోంది. ఏసీ బోగీ గుమ్మంలో తెల్ల బుష్‌షర్టు మనిషి ఒకడు కిందికి వంగి చెయ్యి చాచాడు. ఆమె సంచీ ఎత్తింది. అతని వేళ్లు సంచీ తాడుకి తగిలాయి.

మనిషి చెయ్యి ఎక్కడ పట్టి తిప్పితే విరుగుతుందో కంపెనీ ట్రైనింగ్‌లో నేర్పారు. హరినాథ్ ఆమె చెయ్యి సరిగ్గా అక్కడే పట్టి తిప్పాడు. చప్పుడు ఇంజను కూతలో కలిసిపోయింది. సంచీ హరినాథ్ చేతిలోకి వచ్చింది. సింగపూర్ మనిషి చెయ్యి ఖాళీగా లోపలికి పోయింది, రైలు వెళ్లిపోయింది.

రజనీకుమారి వేలాడుతున్న చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫామ్ మీద కూలబడింది. మొహం పాలిపోయింది కానీ ఏడవలేదు.

"హరి భయ్యా, నేను దొంగనే. కాదనను. కానీ మావాళ్లు దీన్ని తయారు చేద్దామని దొంగిలిస్తున్నారు. మీవాళ్లు ఎందుకు కాపాడుతున్నారో అడిగావా?"

"కంపెనీయే తయారు చేస్తుంది."

"ఫిల్ము అమ్ముకునేవాళ్లా?" అంది జాలిగా.

కంపెనీ జీపు వచ్చి ఆమెని ఎక్కించుకుపోయింది. తరవాత ఆమె ఏమైందో హరినాథ్ అడగలేదు. అడగకపోవడం కూడా ట్రైనింగే.

*

రామమోహనరావు షెడ్డుకి వచ్చి ధర్మారావు చెయ్యి పట్టుకుని ఊపాడు. హరినాథ్ తిరిగి తెచ్చిన కెమెరాని చూపించి, ఇది కంపెనీ ల్యాబ్‌లో పుట్టింది కాబట్టి చట్టప్రకారం కంపెనీ సొత్తని మర్యాదగానే చెప్పాడు. "దీన్ని తయారు చేస్తారా సార్?" అని ధర్మారావు ఆశగా అడిగితే, జవాబు చెప్పకుండా కెమెరా అందుకుని గుమ్మంలోకి నడిచాడు.

అక్కడ, నిప్పులు చెరిగే ఎండలో, వెనక మూత తెరిచి పట్టుకున్నాడు. దొంగిలించిన రోల్సు దొరికితే ఆయన ఎప్పుడూ అలాగే ఎండకి చూపించి చంపేవాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయనకి తెలిసిన శిక్ష అదొక్కటే. అటూ ఇటూ తిప్పి, నిదానంగా, బాగా ఎండ తగలనిచ్చాడు.

"అయిపోయింది. ఇక ఇది ఉత్త డబ్బా," అని కెమెరాని ధర్మారావు చేతిలో పెట్టాడు. "ఉంచుకో. గుర్తుగా ఇంట్లో పెట్టుకో."

రజనీకుమారి చెప్పింది నిజమేనని హరినాథ్‌కి అప్పుడు అర్థమైంది. ఆ వెంటనే గుండెలో చిన్న సంతోషం కొట్టుకుంది. కెమెరా బతికే ఉంది. చీఫ్‌కి తెలీదు. ఆయన కారెక్కి వెళ్లిపోతే చాలు. ధర్మారావు వైపు కళ్లతోనే బతిమాలాడు: మాట్లాడకన్నయ్యా.

ధర్మారావు అటు చూడలేదు. తను చేసినదాన్ని ఉత్త డబ్బా అంటే ఏ మనిషి ఊరుకుంటాడు?

"ఎండకి దీనికేటీ అవదు సార్," అన్నాడు, ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పినట్టు. "అదే కదేటి దీని గొప్ప. ఉండండి, చూపిస్తాను."

చీఫ్‌కి ఒక ఫోటో తీశాడు. ఆ సంతోషంలో తలుపులు మూయడం కూడా మర్చిపోయి, పట్టపగలే కార్డు తీసి టీవీకి పెట్టాడు. తెర మీద రామమోహనరావు మొహం వచ్చింది.

చీఫ్ తన మొహాన్ని చాలాసేపు చూసుకున్నాడు. "పక్కన ఆ పొగేమిటి?" అని అడిగాడు.

"ఫౌండ్రీ సార్. భట్టీ కాలుతంది."

"హైపో," అన్నాడు చీఫ్ వెనక్కి తిరక్కుండానే. "తీసుకెళ్లి అందులో వెయ్యి. మన ఫ్యాక్టరీలో ఎన్ని కుటుంబాలున్నాయో నీకు తెలుసు. అందులో నీదొకటి."

హరినాథ్ పారిపోయి ఉండొచ్చు. స్కూటర్ గుమ్మంలోనే ఉంది. కాదని అనైనా ఉండొచ్చు. ఎందుకనలేదో తరవాత చాలా ఏళ్లు కారణాలు వెతుక్కున్నాడు, ఒక్కటీ నిలబడలేదు. ధర్మారావు చేతుల్లోంచి కెమెరా తీసుకున్నాడు. ఆ చేతులు అడ్డుపడలేదు. ఏం జరుగుతోందో వాటికింకా తెలిసినట్టు లేదు.

భట్టీలో పడగానే భగ్గుమంది. ధర్మారావు వెనకే వచ్చి నిలబడి మంటకేసి చూశాడు. "ఆకుపచ్చగా మండతంది చూడరా," అన్నాడు మెల్లిగా. "రాగి తీగలవి." ఇసక మీద కూర్చుండిపోయాడు.

అప్పుడే హైమవతి వచ్చింది. కూర ఆలస్యమైందని ఆ రోజు హరినాథ్ కేరేజీ విడిగా పట్టుకొచ్చింది. మంటనీ, మొగుడినీ, కారునీ చూసి మొత్తం గ్రహించింది. తిడుతుందనుకున్నాడు హరినాథ్. ఆమె కేరేజీ అతని ముందు పెట్టింది.

"నీకే తెచ్చేను. తినీసెళ్లు," అని మొగుడి పక్కన కూర్చుంది.

*

విదేశీ కుట్రని భగ్నం చేసినందుకు బొంబాయి హెడ్డాఫీసులో హరినాథ్‌కి సన్మానం జరిగింది. ఛైర్మన్ స్వయంగా దండ వేసి, ఇంకో వందేళ్లు ఫిల్ముకి తిరుగులేదని ఉపన్యాసమిచ్చారు. ఆ తరవాత సువర్ణ హండ్రెడ్ మీద గ్రూప్ ఫోటో తీశారు. ప్రింటు వారం తరవాత వచ్చింది. చాలా బాగా వచ్చింది. ఒక్క ఛైర్మన్ గారి కళ్లే మూసుకుపోయి ఉన్నాయి. తీస్తున్నప్పుడు ఆ సంగతి తెలుసుకునే మార్గం ఎవరి దగ్గరా లేకపోయింది.