పైపు పట్టిన చెయ్యి

పటాన్‌చెరు దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. మీసాలు మొలిచిన నాటి నుంచీ ఐలన్న, గులాం మొహమ్మద్ అందులోనే కలిసి బండ్లు బాగుచేశారు. తొంభై నాలుగు ఎండాకాలంలో గులాం విషజ్వరంతో పోయాడు. టీ కొట్టు మనిషి మాత్రం అలవాటుకొద్దీ రెండు గ్లాసులే తెచ్చిపెట్టేవాడు. ఐలన్న వద్దనేవాడు కాదు. రెండో గ్లాసు చల్లారాక బయట పారబోసేవాడు.

ఆ వానాకాలం, ఒక ఆదివారం సాయంత్రం ముసురు పట్టింది. నరసరాజు తన వ్యాను తెచ్చాడు. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీకి ఆడవాళ్లను షిఫ్టుకు తోలే బండి అది.

"కింద నూనె కారుతుంది అన్నా. పొద్దుగాల షిఫ్టుకు బండి కావాలె."

ఐలన్న కిందికి దూరి చూశాడు. ఇంజను నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టును, వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌కు కలిపే యోక్ అనే ఇనుప ముక్క అరిగి గాడి పడింది. "కొత్తది ఎక్కిస్తా. నువ్వు పో" అన్నాడు. నరసరాజు బస్సెక్కి వెళ్లిపోయాడు.

పాత యోక్ ఊడింది. లోపలి గొట్టం కొత్తది వేశాడు, కొత్త ఆయిల్ సీలు కూర్చుంది, కొత్త యోక్ ఎక్కింది. అసలు పని మిగిలింది. నట్టు బిగించేకొద్దీ బేరింగుల నడుమ ఉన్న ఆ గొట్టం నలుగుతుంది. చాలినంత నలగకపోతే పినియన్ అనే పళ్లచక్రం ఊగి పళ్లు విరుగుతాయి. ఎక్కువ నలిగితే బేరింగులు వేడెక్కి నడిరోడ్డు మీద పట్టేస్తాయి. నలిగిన గొట్టం మళ్లీ సాగదు. అందుకే ఒకరు యోక్‌కు పొడుగు పైపు తగిలించి కదలకుండా పట్టాలి, ఇంకొకరు నట్టును రవ్వంత తిప్పి, ఆగి, చేత్తో బిగువు చూడాలి. పైపు పట్టేది ఎప్పుడూ గులామే. చాలినప్పుడు "బస్" అనేదీ గులామే.

కరెంటు పోయింది. మసీదు నుంచి అజాన్ వినపడి ఆగింది. ఐలన్న లాంతరు ముట్టించుకుని మళ్లీ బండి కింద పడుకున్నాడు. పైపును రాయికి ఆనించి నట్టు తిప్పబోతే అది జారి ఖంగుమంది. రెండోసారీ జారింది. రేకుల మీద వాన దంచుతోంది.

"జెర పట్టు భాయ్" అన్నాడు, ఏ ధ్యాసలోనో.

పైపు లేచింది.

యోక్ బిగుసుకుంది. రాయిలా, కదలకుండా... అచ్చం గులాం పట్టినట్టే. గులాం నమిలే జర్దా వాసన వచ్చింది. దాని వెనకే, అప్పుడే తవ్విన తడిమట్టి వాసన. లాంతరు వెలుతురు అంచున పైపును పట్టుకున్న వేళ్లు కనిపించాయి. ఆపైన అంతా చీకటి.

ఐలన్న ఒళ్లు జలదరించింది. కానీ పారిపోలేదు. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"వచ్చినవా?" అని గుసగుసగా అడిగాడు. "నువ్వు లేక షెడ్డు తెరువబుద్ధి అయితలేదు భాయ్. ఎవనితోని లొల్లి పెట్టుకోవాలె నేను?"

అతను నట్టు రవ్వంత తిప్పాడు. పైపు వదిలింది. చేత్తో యోక్ తిప్పి చూశాడు. వదులు. పైపు మళ్లీ పట్టింది. ఇంకొంచెం తిప్పాడు. ఎంత కాలమైంది ఇట్లా పని చేసి! ఆ పని అయిపోకూడదనిపించింది అతనికి.

యోక్ ఈసారి సరిగ్గా తిరిగింది. చిక్కగా, ఒక్కతీరుగా. ఇంతే. ఇప్పుడు గులాం "బస్" అనాలి.

"ఇంకా..." అంది చీకటి.

గులాం గొంతే.

"అయింది కదా భాయ్."

"ఇంకా... ఇంకా జెర..."

ఐలన్న చెయ్యి నట్టు మీదే ఉంది. తిప్పితే గులాం ఇంకొంతసేపు ఉంటాడు. తిప్పితే పొద్దున ఆ ఆడవాళ్లంతా తడిరోడ్డు మీద... లేదు. గులాం అట్లా అనడు. బండి ఎక్కే మనుషుల మొకాలు యాది పెట్టుకుని నట్టు బిగించే మనిషి, అట్లా ఎట్లా అంటాడు?

"బస్" అన్నాడు ఐలన్న, ఏడుస్తూ. "బస్ భాయ్. నువ్వు పో."

పైపు ఒక్కసారిగా పడింది. వేళ్లు లేవు. వాసన లేదు. వాన ఒక్కటే.

అతను పైకి వచ్చి, షాఫ్టు బోల్టులు బిగించి, షెడ్డు మూశాడు. ఇంటికి పోలేదు. గులాం భార్య తాజున్నీసాకు చెప్పకుండా ఉండలేననుకున్నాడు. ఏమని చెప్పాలి? నీ భర్త వచ్చాడనా? వచ్చింది నీ భర్త కాదనా? ఆ మాట అనుకోగానే గుండె రెండోసారి పగిలినట్టయింది.

వెనక గల్లీలో ఆమె ఇంటి తలుపు కొట్టాడు. తాజున్నీసా దీపం పట్టుకుని తెరిచింది. అతని మొహం చూసి, వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. మళ్లీ అతన్ని చూసింది.

"భాభీ, నేను..."

"ఐలన్న భయ్యా లోపల ఉన్నడు" అంది ఆమె, వినీ వినబడనట్టు. "ఇందాకనే వచ్చిండు. మా ఆయన మంచం కాడ కూసొని ఏడుస్తున్నడు. నువ్వు... నువ్వెవరు?"

లోపలి గదిలో వెక్కిళ్లు ఆగాయి.

"తలుపెయ్యి భాభీ" అంది లోపల ఉన్న ఐలన్న గొంతు, ఎంతో ప్రేమగా. "వాన కొడుతుంది."

ఆమె దీపంతో వెనక్కి జరిగింది. తలుపు మూసుకుంది. గడియ పడ్డ చప్పుడు వినిపించింది.