కర్చీఫ్ వేసిన కుర్చీ

పొయ్యి మీద పాలు పొంగి గట్టు మీదికి కారుతున్నాయి. ఎదురుగా నిలబడ్డ కోడలు మాత్రం గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. అత్తగారు గబగబా వచ్చి పొయ్యి ఆపి, ఆమె భుజం తట్టింది.

“చిల్లర ఉంటే తీసి ఉంచండి,” అంది కోడలు కళ్లు తెరవకుండానే.

అత్తగారు పకపకా నవ్వింది. “నాది పాసు తల్లీ. ముసలిదాన్ని, కనికరించు.”

కోడలు సిటీ బస్సులో కండక్టరు. భర్త యంత్రాలు బిగించే పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల డ్యూటీ కూడా తనే చేస్తోంది. ఆమె నిద్రలో టికెట్లు కొట్టడం ఆ ఇంట్లో పాత నవ్వులాటే. ఈరోజు మాత్రం ఆమె నవ్వలేదు.

“వదిన వస్తోంది అత్తయ్యా. పిచ్చుకను తనతో పంపేస్తున్నాను.”

పిచ్చుక అంటే ఆరేళ్ల కూతురు. నోరు మూత పడదని నానమ్మ పెట్టిన పేరు.

“పంపేయడమేంటి? నాలుగు రోజులకా?”

“కాదు. అక్కడే బళ్లో వేస్తుంది.”

అత్తగారి చేతిలో మసిగుడ్డ అలాగే ఉండిపోయింది. ఇంతలో ఆడపడుచు ఖాళీ పెట్టెతో లోపలికి వచ్చింది.

“బాగుందే! కబురు అందడమే ఆలస్యం, పెట్టె పట్టుకుని దిగావు,” అని తల్లి ఆమె మీద విరుచుకుపడింది.

“నామీద పడతావేంటమ్మా? ఫోన్లో వెక్కి వెక్కి ఏడుస్తుంటే రాకుండా ఎలా ఉంటాను?”

కోడలు తలుపు పట్టుకుని నిలబడింది. “నిన్న చూశారుగా అత్తయ్యా.”

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి గుమ్మం పక్కనే కూలబడింది. పిచ్చుక పరుగున వచ్చి ఒళ్లోకి ఎక్కింది. కునుకులో ఉన్న తల్లి “ఖాళీ లేదు, దిగాలి, దిగాలి” అంటూ రెండు చేతులతో తోసేసింది. పిల్ల నేల మీద పడింది. ఏడవలేదు. మెల్లగా లేచి నానమ్మ దగ్గరికి వెళ్లి పడుకుంది.

“ఏడ్చినా బాగుండేది,” అంది కోడలు. “ముక్కూ మొహం తెలియని వాళ్లకు రోజంతా జాగ్రత్తగా దిగండని చెప్తాను. కన్నకూతుర్ని తోసేశాను. అద్దంలో చూసుకుంటే నాలో అమ్మ కనిపించట్లేదు వదినా. ఎప్పుడూ కసురుకునే మనిషెవరో కనిపిస్తోంది.”

“నిద్రమొహంతో చూస్తే అద్దంలో ఎవరికైనా దెయ్యమే కనిపిస్తుంది,” అంది అత్తగారు.

“హాస్యాలొద్దత్తయ్యా!” కోడలి గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ లేవలేదు. “మీరు నవ్వి దులిపేస్తారు. రేపు ఇంకా గట్టిగా తోస్తే? ఏ బల్ల అంచో తగిలితే?”

అత్తగారు మసిగుడ్డతో గట్టు మీది పాలు తుడవసాగింది.

ఆడపడుచు పెట్టె కింద పెట్టింది. “సరే, పిల్లను నేను తీసుకెళ్తాను. మరి నిన్నెవరు తీసుకెళ్తారే?”

కోడలు తలుపు వదిలింది. బట్టలు సర్దడానికి పక్కగదిలోకి నడిచింది. వెనకే మిగతా ఇద్దరూ వెళ్లారు.

గదిలో కుర్చీలన్నీ వరసగా ఉన్నాయి. బొమ్మలు, దిండ్లు, ఒక చెప్పుల జత కూడా సీట్లలో కూర్చున్నాయి. పిచ్చుక మెడలో సంచి వేలాడుతోంది. “జరగండి, జరగండి, వెనకంతా ఖాళీయే!” అని అరుస్తోంది. ముందు కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. మేనత్త అందులో కూర్చోబోయింది.

“లేవండి మేడమ్! కర్చీఫ్ వేసుంది, కనబడట్లేదా?”

“ఎవరిదమ్మా ఇది?”

“అమ్మది. అమ్మ బస్సులో రోజంతా నిలబడే ఉంటుంది. అందుకే సీటు ఆపా.”

తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. “నిన్న నిన్ను తోసేశాను కదరా, కోపం రాలేదా?”

పిచ్చుక మెడలో సంచి సర్దుకుంది. “దెబ్బ తగిలింది. కానీ ఖాళీ లేదన్నావుగా. రష్‌గా ఉంటే పాపం కండక్టరేం చేస్తుంది?”

తల్లి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పిచ్చుక ఆమె కొంగు పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. “నీకు టికెట్ వద్దులే. నువ్వు స్టాఫ్.”

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకు. కూతుర్ని దగ్గరికి లాక్కుని, దెబ్బ తగిలిన మోచేతిని చాలాసేపు నిమిరింది. నిమురుతూనే తల పక్కకు వాల్చి నిద్రపోయింది.

ఆడపడుచు ఖాళీ పెట్టెను అటక మీదికి తోసింది. “తమ్ముడొచ్చేదాకా నేనిక్కడే ఉంటానమ్మా. ఎవరి డ్యూటీ వాళ్లనే చేసుకోమని డిపోలో దీనిచేత చెప్పిస్తాను.”

“ఆ మాట నేనెప్పుడో అనాల్సింది,” అని కళ్లొత్తుకుంది అత్తగారు. తర్వాత గిన్నె మూత తెచ్చుకుని, స్టీరింగులా పట్టుకుని కుర్చీల ముందు నేల మీద డ్రైవర్ స్థానంలో కూర్చుంది. “పాం... పాం...”

పిచ్చుక పెదాల మీద వేలు పెట్టింది.

“డ్రైవర్ నానమ్మా, హారన్ కొట్టకు. అమ్మ స్టాపు ఇంకా చాలా దూరముంది.”