అక్క పోసిన మందు

రేడియం అంటే జనం చెవి కోసుకునే రోజులవి. తలనొప్పికి రేడియం, తల నెరిస్తే రేడియం. వెలుగు డాక్టరు గాలి ఉండగానే తూర్పారపట్టుకోవాలని తెలిసిన మనిషి. డాక్టరన్నది జనం పెట్టిన పేరు. అంతకుముందు ఆయన అమ్మింది సబ్బులు.

మందు తయారీ అంతా ఇంటి వెనక, కిటికీలు లేని గదిలో. రేడియం కలిపిన నీళ్ళు చూడ్డానికి మామూలు నీళ్ళే. కొనేవాడికి నమ్మకం కుదరదు. అందుకని చీకట్లో మెరిసే పొడి చిటికెడు కలిపి, దీపం ఆర్పి, ఒక్కో సీసా ఎత్తి చూసేవాడు. పచ్చగా వెలిగితే మూత బిగించి లక్క వేయడం, లేకపోతే ఇంకో చిటికెడు. ప్రతి సీసా మీదా ఆయన అక్క బొమ్మ ఉండేది, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.

ఆ అక్కే మొదట తాగింది. భర్త పోయి తమ్ముడి పంచన చేరిన మనిషి. తమ్ముడు నంది అంటే నంది, పంది అంటే పంది. రోజుకు రెండు చెంచాలు తాగింది. ఏడాదికల్లా పళ్ళు ఊడాయి. తర్వాత దవడ ఎముక ముక్కలుగా చేతిలోకి వచ్చింది. "రోగం బయటికి పోతోందక్కా, మోతాదు పెంచు," అన్నాడు. పెంచింది, పిచ్చితల్లి. ఆమె పోయి మూడు నెలలు. లేబులు మాత్రం ఆయన మార్చలేదు.

తన ఆరేళ్ళ కూతురికి మాత్రం ఆ మందు చుక్క కూడా తగలనిచ్చేవాడు కాదు. తల్లి లేని పిల్ల, ఆయన పంచప్రాణాలూ దాని మీదే. ఊళ్ళో పిల్లలకు తాగించమని చెప్పిన నోటితోనే దాన్ని ఆ గుమ్మం తొక్కొద్దనేవాడు. అంతటి ధర్మాత్ముడు! గది తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే.

ఆ మధ్యాహ్నం భోంచేసి, తాళం తీసి లోపలికెళ్ళి, తలుపు గడియ వేసుకుని దీపం ఆర్పాడు. బయట ఎండ మండిపోతోంది. లోపల తడి గాజు వాసన. దాని కింద ఇంకేదో... చివరి రోజుల్లో అక్క గదిలో వచ్చిన చీము వాసన.

నిన్న మూత బిగించిన సీసా ఎత్తాడు. వెలగలేదు. ఊపాడు. తేలిగ్గా ఉంది. లక్క చెక్కు చెదరలేదు, లోపల చుక్క లేదు. రెండోదీ అంతే. మూడోదీ...

మూలన చెంచా చప్పుడు.

"ఎవరది?"

"నేనే నాన్నా."

"నువ్వెలా వచ్చావమ్మా?"

"అత్తతో. రోజూ వస్తాం."

"అత్త లేదురా బంగారం..."

"ఉంది. రోజుకు రెండు చెంచాలు పోస్తుంది. నిన్న పన్ను నొప్పంటే, రోగం పోతోంది, మోతాదు పెంచుతానంది."

పిల్ల నవ్వింది. చీకట్లో ఆ నవ్వు కనిపించింది. చిన్న చిన్న పళ్ళు... పచ్చగా...

ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. "అక్కా! దాన్ని వదిలెయ్. నీకు దణ్ణం పెడతాను. నా పిల్ల అక్కా..."

చెవి పక్కనే చల్లటి ఊపిరి. దవడ లేని నోట్లోంచి నలిగి నలిగి వచ్చింది మాట.

"మంచి మందు... అన్నావుగా... తమ్ముడూ. మన పిల్లకి... వద్దా?"

"అది విషం! నాకు ముందే తెలుసు! తెలిసే పోశాను నీకు!"

ఊపిరి ఆగింది.

వదిలేసిందేమో అనుకున్నాడు. అప్పుడు... పిల్ల బుగ్గల మీద వేళ్ళు వెలిగాయి. మందు తాగనని మొరాయించే పిల్లల నోరు తెరవడానికి నొక్కిపట్టినట్టు. ఈసారి చెంచా చప్పుడు కాలేదు. సీసా ఎత్తిన చప్పుడైంది.

"నాన్నా... అత్త ఏడుస్తోంది..."

ఒక్క ఉదుటున దూకాడు. చేతులకు గోడ తగిలింది. అగ్గిపుల్ల గీశాడు. గదిలో తను తప్ప ఎవరూ లేరు. తలుపు గడియ వేసినట్టే ఉంది.

గుటకలు వేస్తున్న చప్పుడు మాత్రం ఆగలేదు.