నిజమైతేనే బోర్డు మీద

మేడమ్ ఇంగ్లీషు క్లాసులో రూలు ఒక్కటే. ఆ రోజు నేర్చుకున్న మాటతో ప్రతివాళ్ళూ బోర్డు మీద ఒక వాక్యం రాయాలి. అది తమకు నిజంగా జరిగినదై ఉండాలి. అబద్ధమని తేలితే డస్టర్ పడుతుంది.

లిఫ్టు మెకానిక్‌కి మొదటి రోజే ఆ డస్టర్ రుచి తెలిసింది. పెందరాళే నిద్ర లేస్తానని ఆవులిస్తూ రాశాడు మరి.

ఈ వారమంతా ‘గెట్’ నడుస్తోంది.

"లేవడానికీ అదే, తడవడానికీ అదే, కోపం రావడానికీ అదే. పెళ్ళికి కూడా అదేనా?" అని వాపోయాడు క్లాసులో అందరికన్నా పెద్దాయన. "అచ్చం మా కోడల్లాగ. ఇంట్లో ఏ పనికైనా తనే."

"బస్సెక్కడానికీ, దిగడానికీ కూడా అదేనండీ," అంది మేడమ్.

అందరూ నవ్వారు, మెకానిక్ తప్ప. సోమవారం నుంచి అతనికి వేరే ఊళ్ళో పని. ఇదే ఆఖరి క్లాసు. మనసులో మాట ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేడు. చెబితే మేడమ్ ముఖం చిట్లించుకుంటుందేమోనని భయం.

తన వంతు రాగానే లేచి రాశాడు: ‘ఐ గెట్ ఆఫ్ ద బస్ ఎట్ ద లాస్ట్ స్టాప్.’

"రోజూ నాతోపాటు దిగుతూనే ఉన్నారుగా," అంది ఆమె.

"మా ఇల్లు అక్కడ కాదు మేడమ్, మార్కెట్ దగ్గర." అతను చాక్‌పీసు బల్ల మీద పెట్టాడు. "ఆ వాన రోజు మీరు ఆఖరి స్టాప్‌లో ఒక్కరే దిగుతుంటే తోడుగా దిగాను. తర్వాత మానలేకపోయాను. మీరంటే నాకిష్టం."

ఆమె డస్టర్ అందుకుంది. అతనికి ప్రాణం పోయినంత పనైంది. ఆమె దాన్ని సొరుగులో పడేసి, చాక్‌పీసు తీసుకుని, అతని వాక్యం కిందే అదే వాక్యం రాసింది.

"మీ ఇల్లు అక్కడే కదా?" అన్నాడు అయోమయంగా.

"కాదు, దానికి ముందున్న స్కూలు స్టాప్ దగ్గర. ఆ రోజు అక్కడ మోకాలి లోతు నీళ్ళని దిగలేదు. మీ ఇల్లే ఆఖరి స్టాప్‌లో అనుకున్నాను." ఆమె తల వంచుకుంది. "మర్నాడు నీళ్ళు లేకపోయినా దిగబుద్ధి కాలేదు. మీరు సందు తిరిగేదాకా మందుల షాపులో నిలబడి, వెనక్కి నడిచేదాన్ని."

"నేను ఆ సందులోంచే చుట్టూ తిరిగి నడిచేవాణ్ణి."

"చెప్పులు బాగానే అరిగి ఉంటాయి," అన్నాడు పెద్దాయన.

ఆ సాయంత్రం ఇద్దరూ స్కూలు స్టాప్‌లో దిగారు.

"సోమవారం నుంచి ఊళ్ళో ఉండను," అన్నాడతను.

"ఆదివారం ఉంటారుగా. ఇంటికి రండి, మా అమ్మతో మాట్లాడుదురుగాని."

"వస్తాను. ఏ స్టాపో ఇప్పుడు తెలిసిందిగా," అన్నాడు.