తెల్ల మరక లేని పూలకుండీలు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి మోటారు సైకిలు మీద పదిహేను నిమిషాల్లో చేరిన మొనగాడు ఈ భూప్రపంచంలో బసవరాజు ఒక్కడే. లారీలు బెదిరి పక్కకు తప్పుకున్నాయి. గొర్రెల మంద రెండుగా చీలి దారిచ్చింది. నమ్మనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

అంత తొందరకు కారణముంది. ఉదయం తొమ్మిదింబావుకు ప్రైవేట్ డిటెక్టివ్ జ్యోత్స్నకు ఫోన్ వచ్చింది. అవతల ఎవరో గుసగుసగా ఏడుస్తున్నారు.

"అక్కా, నేను మల్లేశ్వరిని. ఆదోని వృద్ధాశ్రమంలో ఆయాను. రుక్మాబాయమ్మకు స్నానం చేయిస్తాంటే కాళ్లు కాలిపోయినాయి. కావాలనే చేసినానని మేనేజరు నన్ను దుప్పట్ల గదిలో పెట్టి తాళమేసినాడు. పన్నెండింటికి తనిఖీకి ఆఫీసర్లొస్తారంట. వాళ్ల ముందరే పోలీసులకు పట్టిస్తాడంట. నేను మోచేత్తో వేడి చూసినాకే పోసినానక్కా!"

"ఏడవద్దు. వస్తాండాం."

ఆమె ఫోన్ పెట్టేలోపే సహాయకుడు బసవరాజు బండి స్టార్టు చేశాడు. జ్యోత్స్న తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే మనిషతను.

ఆశ్రమం పెళ్లింటిలా ఉంది. మోకాళ్లకు గుడ్డ చుట్టుకున్న వాచ్‌మన్ ఎల్లప్ప స్టూలు మీద కూర్చునే గేటు తోశాడు. మెట్లదాకా ఎర్రరంగు పూలకుండీలు ఎండకు ఆరి మెరుస్తున్నాయి. వాటిలో మట్టి మాత్రం ఇంకా తడిగానే ఉంది. జ్యోత్స్న ఒక కుండీని వేలితో రాసి, వేలు చూసుకుంది. బసవరాజు కూడా ఇంకో కుండీని రాసి చూసుకున్నాడు. ఏమీ అర్థం కాలేదు గానీ అంతా తెలిసినట్టు తలూపాడు.

హాల్లో గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. ఆ గడియారం సంగతి తర్వాత.

మేనేజర్ హరికృష్ణ ఎదురొచ్చాడు. "మా దగ్గర అన్నీ రూల్ ప్రకారమే మేడమ్. నీళ్ల వేడి కొలిచే థర్మామీటర్ కూడా ఉంది."

అద్దాల బీరువాలో అది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది.

"స్నానం చేసేది బీరువానా?" అంది జ్యోత్స్న. బసవరాజు నవ్వాపుకోలేక దగ్గాడు.

రుక్మాబాయి కాళ్లకు డాక్టరు కట్టు కట్టి వెళ్లాడు. ఆమె ఒకప్పుడు పంతులమ్మ. నొప్పిలోనూ మాట గట్టిగానే ఉంది.

"కాళ్ల మీద పడే కుళాయి నీళ్లు మొదట గోరువెచ్చగానే ఉండినాయమ్మా. ఉన్నట్టుండి నిప్పులే! ఆ పిల్ల నన్ను కుర్చీతో సహా ఇవతలికి లాగింది. లేకుంటే ఒళ్లంతా పోయేది."

జ్యోత్స్న ముందు గీజర్‌నే అనుమానించింది. అది బాగానే ఉంది. మిద్దె మీది ట్యాంకు నుంచి గీజర్‌కు పోయే పైపు వేరు, చన్నీళ్ల పైపు వేరు. రెండూ ఒకే కుళాయిలో కలుస్తాయి.

"చన్నీళ్లు ఎవరైనా ఆపినారా?"

"ఎవరూ ఏమీ ముట్టుకోలేదు" అన్నాడు హరికృష్ణ.

"మరి కుండీలు కడిగింది ఏ నీళ్లతో?"

"బోరు నీళ్లతో!"

పెరట్లో బోరు దగ్గరున్న బకెట్‌కు సున్నం పూసినట్టు తెల్లటి పొర కట్టి ఉంది. బసవరాజు ఆ నీళ్లు నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మాడు. "ఉప్పు కషాయం మేడమ్!"

"బంగారమంటి మాట చెప్పినావు బసవన్నా" అందామె. అతను ఆరడుగుల ఎత్తు పెరిగాడు.

తనిఖీ అధికారులు వచ్చేసరికి జ్యోత్స్న అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది. మల్లేశ్వరిని గదిలోంచి బయటికి రప్పించి, రుక్మాబాయి పక్కనే నిలబెట్టింది.

"మల్లేశ్వరి నీళ్లు సరిగానే కలిపింది. స్నానం మధ్యలో చన్నీళ్లు ఆగిపోయినాయి. మిగిలింది వేడినీళ్లే. ఎందుకాగినాయి? ఈ బోరు నీళ్లు ఆరితే తెల్ల మరక పడుతుంది. బయట కుండీల మీద ఒక్క మరకా లేదు. తనిఖీకి మెరవాలని వాటిని కడిగింది ట్యాంకు మంచినీళ్లతో. ట్యాంకులో నీళ్లు తక్కువ. తోట పైపుకు జోరుగా రావాలని మిద్దె మీద స్నానాల గదుల చన్నీళ్ల వాల్వు కట్టేసినారు. లోపల ఎవరున్నారో అడగను కూడా లేదు."

హరికృష్ణ ఎగిరిపడ్డాడు. "వాల్వు తిప్పింది ఎల్లప్ప!"

"ఎవరూ ఏమీ ముట్టుకోలేదన్నారే ఇందాక?"

ఎల్లప్ప గోడ పట్టుకుని లేచాడు. "నా మోకాళ్లకు మిద్దె మెట్లు ఎక్కను వస్తాదా అప్పా? నేను కింద పైపు పట్టుకున్నా. 'వచ్చినాయా ఎల్లప్పా?' అని మిద్దె మీద నుంచి కేకేసింది నువ్వే గదా!"

హాలంతా గొల్లున నవ్వింది. అధికారి కలం తీశాడు.

రుక్మాబాయి మల్లేశ్వరి చెయ్యి పట్టుకుంది. "కట్టు విప్పినాక నాకు నీళ్లు పోసేది ఈ పిల్లే. ఆ థర్మామీటర్ కవరు మాత్రం ఇప్పుడే చింపండి!"

ఇక గడియారం సంగతి. అది సరిగ్గానే నడుస్తోంది. పదిహేను నిమిషాల ప్రయాణమే నేను కల్పించింది. సగం దారిలో టైరు పంక్చరైంది. లారీలు తప్పుకున్నది బండి తోసుకుంటూ పోతున్న బసవరాజు మీద జాలితో. గొర్రెలు మాత్రం నిజం, అవి అతన్ని దాటుకుని ముందుకు పోయాయి. అయినా నేను చెప్పినంత వేగంగా చేరి ఉంటే కుండీలు ఇంకా తడిగా ఉండేవి. వాటి మీద మరక ఉందో లేదో ఏ డిటెక్టివుకూ తెలిసేది కాదు.