మిర్చి బీరు, పెళ్లి కార్డు

"బీరు సీసాలకు లేబుల్ డిజైన్ చేస్తరా మేడం?"

కంప్యూటర్ ముందున్న లావణ్య గబుక్కున లోపలి గది వైపు చూసింది. హనుమకొండ చౌరస్తాలో పెళ్లి కార్డులు తప్ప మరొకటి అచ్చువేయని ప్రెస్సు అది. పైగా సారా అన్న మాట వింటేనే చెవులు మూసుకునే వీరభద్రం కూతురు తను.

"మెల్లగ! బాపు లోపల్నే ఉన్నడు," అంది హడలిపోతూ.

అప్పటికే వీరభద్రం బయటికి వచ్చేశాడు. తన ప్రెస్సుకు కుర్రాడు వచ్చాడంటే ఆయనకు తెలిసిన కారణం ఒక్కటే.

"పెండ్లి కార్డా తమ్మీ? పిల్లది ఏ ఊరు?"

కుర్రాడు తెల్లమొహం వేశాడు. అరటిచెట్లూ, గణపతి బొమ్మలూ గీసిగీసి విసిగిపోయిన లావణ్య, ఒప్పుకొమ్మన్నట్టు కళ్లతోనే బతిమాలింది.

"అ... అవునంకుల్. తొర్రూరు."

అలా రమాకాంత్‌కు లేని పెళ్లి కుదిరింది. నిజానికి అతను లైసెన్స్ తెచ్చుకుని, సుబేదారిలో చిన్న బ్రూవరీ పెడుతున్నాడు.

"ఏం ఫ్లేవర్?" తండ్రి లోపలికి పోగానే అడిగింది.

"చపాట మిర్చి."

"మిర్చితోని బీరా! మీకేమన్న పిచ్చా?"

"చపాట మిర్చికి రంగెక్కువ, కారం తక్కువ మేడం. మీ లెక్క కాదు."

ఆమె నోరెళ్లబెట్టింది. తర్వాత నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

రోజూ సాయంత్రం వచ్చేవాడు. ఎర్రటి మిర్చి, గ్లాసు మీద పొంగే నురగ, బంగారు రంగు అంచు గీస్తుంటే పక్కన కూర్చుని వంకలు పెట్టేవాడు. పాపం వీరభద్రం, కాబోయే పెళ్లికొడుకని చాయ్ తెప్పించి మరీ ముచ్చట పెట్టేవాడు.

"పిల్ల ఎట్లుంటది తమ్మీ?"

"నవ్వితే మంచిగుంటది అంకుల్. నవ్వుడే తక్కువ."

తడుముకోకుండా చెప్పాడు. లావణ్య చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. అతను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వెళ్లి అడిగేసింది.

"నిజంగనే ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నది," అన్నాడు రమాకాంత్, బండి స్టార్ట్ చేస్తూ.

ఆ ఒక్క మాటకు ఆమెకు అన్నం సహించలేదు. ఏడుపొచ్చింది. మొన్నమొన్న పరిచయమైన మనిషి మీద ఇంత ఇష్టం ఎప్పుడు పెరిగిందో అర్థంకాక బిత్తరపోయింది.

మర్నాడు ఆ కోపంలోనే లేబుల్ ముగించి ప్రింట్ ఇచ్చింది. ఈ పని అయిపోతే అతని మొహం చూడక్కర్లేదు. బయట జోరుగా వాన. ప్రింటర్ దగ్గర వీరభద్రం నిలబడి ఉన్నాడన్న సంగతి ఆమె గమనించలేదు.

"పెండ్లి కార్డు మీద మిర్చెందుకు బిడ్డా? ఈ నురగేంది?"

అప్పుడే తడిసి ముద్దయి లోపలికొచ్చిన రమాకాంత్, ఆ కాగితాన్ని చూసి గతుక్కుమన్నాడు.

"అది బీరు లేబుల్ అంకుల్. మొదటి దినం అబద్ధం జెప్పిన. తప్పు నాదే."

వీరభద్రం కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే పెండ్లి లేదా? మరి తొర్రూరు పిల్ల?"

"తొర్రూరుల ఎవ్వరు లేరు. పిల్ల ఈడనే ఉన్నది, కంప్యూటర్ ముంగట. ఆమెను ఇంకా అడగలె."

తండ్రి మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"నువ్వేమంటవ్ బిడ్డా?"

"నిన్న ఎవరో ఉన్నదన్నడు బాపు. నాకు అన్నం తినబుద్ధి కాలే."

ఈసారి నోరెళ్లబెట్టడం రమాకాంత్ వంతయింది.

"ఇద్దరు గలిసి నన్ను పిచ్చోన్ని జేసిన్రు," అన్నాడు వీరభద్రం. లేబుల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పడేశాడు. "ఇది మాత్రం నా ప్రెస్సుల అచ్చెయ్య. అబద్ధమాడినా, అడగంగనే నిజం జెప్పినవ్. నా బిడ్డకు నచ్చినవ్. ఆదివారం మీ అమ్మనాయినలను తోల్కరా. చేతుల సీసాలు పట్టుకొని రావద్దని జెప్పు."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. రమాకాంత్ మాత్రం అక్కడే పాతుకుపోయాడు.

"పోరాదూ మరి, వాన తగ్గింది," అంది లావణ్య, అతని వైపు చూడకుండానే.

బయట కుండపోతగా కురుస్తోంది.

"తగ్గలె లావణ్యా," అన్నాడతను.

మేడం అనకుండా పేరు పెట్టి పిలవడం విని ఆమె నిలువునా ఉలిక్కిపడింది. తర్వాత, అతను చూస్తుండగానే, నవ్వేసింది.