ఫిల్టర్‌ను మెచ్చుకున్న కెప్టెన్

ఫోన్ మోగేసరికి ఏజెంట్ గౌరీశంకర్ ఫ్రీమాంట్‌లోని తన ఇంట్లో మోకాలికి ఐస్ పెట్టుకుని కూర్చున్నాడు.

"కోడ్ వర్డ్?"

"నీలాకాశం," అన్నాడు నీరసంగా. "చెప్పు దేవ్."

దేవ్ అతని బాస్. వయసులో పాతికేళ్లు చిన్న. "అంకుల్, అర్జెంట్. పొగ మీద ఎమిషన్స్ రూల్స్ వచ్చాక బోట్ ఇంజన్ల ధర చుక్కలంటింది. పొగ ఫిల్టర్‌లో మసి నిండితే ఇంజన్ తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది. ఆ బాధ పడలేక ఓనర్లు, మసి లేదని ఇంజన్‌ని నమ్మించే దొంగ చిప్ పెట్టించుకుంటున్నారు. అమ్మేది ఫారిన్ ముఠా. ఆ చిప్‌తో ఇంజన్‌ని ఎక్కడినుంచైనా ఆపేస్తారు."

"టార్గెట్?"

"చుక్కాని పాడైన ఆయిల్ ట్యాంకర్. ఒక టగ్ బోట్ దాన్ని లాక్కొస్తోంది. నాలుగింటికి బ్రిడ్జి కిందకి వస్తారు. అప్పుడు టగ్ ఆగితే ట్యాంకర్ వెళ్లి స్తంభానికి గుద్దుకుంటుంది. టగ్ కెప్టెన్ నమ్రత మన మనిషే. చిప్ లేదని రిపోర్ట్ ఇచ్చింది. మీరు డబుల్ చెక్ చేయండి."

ఎమిషన్స్ ఇన్‌స్పెక్టర్ వేషంలో గౌరీశంకర్ స్పీడ్ బోట్ దిగి, తాడు నిచ్చెన పట్టుకుని టగ్ ఎక్కాడు. వాచీలో కెమెరా ఇచ్చారు, పెన్నులో ట్రాన్స్‌మిటర్ ఇచ్చారు. మోకాళ్ల సంగతి మాత్రం ఏ ల్యాబ్‌వాడూ పట్టించుకోలేదు.

నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో నమ్రత స్టీరింగ్ దగ్గరుంది. "హాయ్ అంకుల్!"

"ఫిల్టర్ ఎలా ఉంది?"

"సూపర్! ఆర్నెల్లుగా ఒక్క ప్రాబ్లమ్ లేదు."

ఆ ఫిల్టర్ వచ్చిన దగ్గర్నుంచి దాన్ని తిట్టని కెప్టెన్‌ని అతను చూడలేదు.

"చిప్ ఎక్కడ పెట్టావు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "అది లేకపోతే మా నాన్న టగ్ స్క్రాప్‌కి పోయేది అంకుల్. వాళ్లు ఫ్రీగా ఇచ్చారు. బదులుగా మన ఆఫీస్ రిపోర్టులు అడిగారు. అంతే."

"ఇంకో నాలుగు నిమిషాల్లో నీ ఇంజన్ ఆపేస్తారు."

నమ్రత మొహం పాలిపోయింది. "నో! అలా చెప్పలేదు!"

"చెప్పి చేస్తారా తల్లీ?"

ఎదురుగా బ్రిడ్జి స్తంభం పెద్దదవుతోంది. ఆమె వేలితో కిందికి చూపించింది.

ఇంజన్ రూమ్‌లో గౌరీశంకర్ చిప్ పీకేశాడు. వెంటనే ఎర్ర లైట్ వెలిగింది. ఫిల్టర్ నిండా ఆర్నెల్ల మసి. అరవై సెకన్లలో పవర్ కట్. శత్రువు ఆపకపోయినా రూలు ఆపేస్తుంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

రెంచీ అందుకుని ఫిల్టర్‌కి ముందున్న పొగ గొట్టం బిగింపు విప్పాడు. అరచేతులు కాలాయి. పొగ ఫిల్టర్‌లోకి పోకుండా నల్లగా బయటికి గుప్పుమంది. నీరసించబోయిన ఇంజన్ ఒక్కసారిగా పుంజుకుంది.

"స్టీరింగ్ వదలకు!" అని దగ్గుతూనే అరిచాడు.

నమ్రత వదల్లేదు. ట్యాంకర్ స్తంభాన్ని పదడుగుల దూరంలో దాటింది. అప్పుడు సరిగ్గా నాలుగైంది.

గట్టు చేరాక ఆమె తనంతట తానే తాళాలు అతని చేతిలో పెట్టింది. "టగ్ సంగతి నాన్నకి నేనే చెప్తాను," అంది ఏడుస్తూ. గౌరీశంకర్‌కి ఆమె మీద కోపం రాలేదు. అలసటే వచ్చింది.

ఫోన్ మోగింది. దేవ్. "గ్రేట్ జాబ్ అంకుల్! చిన్న విషయం. బ్రిడ్జి కింద నల్ల పొగ వదిలినందుకు అప్పుడే నోటీసు వచ్చింది. మీ పేరు మీదే."

"అదొక్కటే టైముకి వస్తుంది," అన్నాడు గౌరీశంకర్. "ఇంజన్‌కి స్పేర్ పార్ట్ అడిగి చూడు."